జీతం తీసుకోని క్రికెటర్‌కి అంత డబ్బు ఎలా వచ్చింది? డబ్ల్యూ.జి. గ్రేస్ అసలు కథ

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక బోర్డుతో మొదలుపెడదాం.

ఇంగ్లండ్. దాదాపు 150 ఏళ్ల కిందటి మాట. ఒక క్రికెట్ గ్రౌండ్ గేటు దగ్గర టికెట్ రేటు రాసి పెట్టారు. లోపలికి రావాలంటే 3 పెన్నీలు. దాని కిందే ఇంకో లైను. గ్రేస్ ఆడుతుంటే మాత్రం 6 పెన్నీలు. ఇలాంటి బోర్డుల గురించి క్రికెట్ ప్రపంచం ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటుంది. అంటే ఒక్క మనిషి వస్తే టికెట్ డబుల్. పోస్టర్ మీద హీరో పేరు మారితే టికెట్ రేటు మారడం మనకి తెలుసు కదా, ఆ పని ఈయన సినిమా పుట్టకముందే చేశాడు.

ఇప్పుడు ట్విస్ట్ వినండి. గేటు దగ్గర ఇంత డబ్బు తెచ్చిపెట్టిన ఆ మనిషికి రికార్డుల ప్రకారం ఆట కోసం ఇచ్చే జీతం సున్నా. ఎందుకంటే ఆయన 'అమెచ్యూర్'. సరదాకి ఆడే పెద్దమనిషి అన్నమాట. కానీ ఆయన పక్కనే జీతానికి ఆడిన ప్రొఫెషనల్స్ కంటే ఆయన సంపాదనే చాలా ఎక్కువ. ఎలా? ఆ లెక్క అర్థమైతే క్రికెట్ ఒక్కటే కాదు, మనం రోజూ పనిచేసే చోట్లు కూడా కొంచెం అర్థమవుతాయి. పదండి, కథలోకి వెళ్దాం.

విలియం గిల్బర్ట్ గ్రేస్ 1848 జులై 18న పుట్టాడు. ఊరి పేరు డౌనెండ్. బ్రిస్టల్ నగరానికి దగ్గర్లో, గ్లౌస్టర్‌షైర్‌లో ఉన్న పల్లెటూరు. నాన్న హెన్రీ గ్రేస్ ఆ చుట్టుపక్కల ఊళ్లకి డాక్టరు. అమ్మ మార్తా. మొత్తం తొమ్మిది మంది పిల్లలు, మనవాడు ఎనిమిదోవాడు.

ఆ ఇంట్లో అందరికీ క్రికెట్ పిచ్చి. ఇంటి వెనక తోటలో చెట్లు కొట్టేసి పిచ్ తయారు చేశారు. మేనమామ ఆల్ఫ్రెడ్ పోకాక్ కోచింగ్ ఇచ్చేవాడు. ఫీల్డర్లు తక్కువైతే ఇంట్లో కుక్కలే బంతి పట్టుకొచ్చేవి. అమ్మ మార్తా పక్కన నిలబడి చూసే టైపు కాదు, ఆటలో ప్రతి తప్పూ పట్టుకునేది. పెద్ద కొడుకుల్లో ఒకడైన ఎడ్వర్డ్‌ని జట్టులోకి తీసుకోమని ఆమె అప్పటి ఇంగ్లండ్ పెద్ద కెప్టెన్‌కి ఉత్తరం రాసిందని, నా చిన్నోడు వీడికంటే బాగా ఆడతాడు, వాడి డిఫెన్స్ గట్టిది అని అందులోనే చెప్పిందని ఒక కథ ఉంది. ఆ చిన్నోడే మన గ్రేస్. కొడుకు రెజ్యూమేని అమ్మే ఫార్వర్డ్ చేసిందన్నమాట.

ఇక్కడ కాసేపు ఆగి, ఆ రోజుల్లో క్రికెట్ ఎలా నడిచేదో చూద్దాం. ఇది తెలియకపోతే మిగతా కథంతా వేస్ట్.

అప్పట్లో ఆటగాళ్లు రెండు రకాలు. ఒకటి జెంటిల్మెన్, అంటే అమెచ్యూర్లు. రెండోది ప్లేయర్స్, అంటే డబ్బులు తీసుకుని ఆడే ప్రొఫెషనల్స్. జెంటిల్మెన్ అంటే ఆస్తి ఉన్న ఇంటివాళ్లు, పెద్ద చదువులు చదివినవాళ్లు. ప్లేయర్స్ ఎక్కువగా గనుల్లో, మగ్గాల దగ్గర, చిన్న చిన్న పనుల్లో బతికే కుటుంబాల నుంచి వచ్చేవాళ్లు. ఒకే టీమ్‌లో ఆడినా డ్రెస్సింగ్ రూములు వేరు. చాలా గ్రౌండ్లలో మైదానంలోకి వచ్చే గేట్లు కూడా వేరు. స్కోర్‌కార్డ్‌లో అమెచ్యూర్ పేరు పద్ధతిగా, మర్యాదగా ఇనీషియల్స్‌తో రాసేవాళ్లు, ప్రొఫెషనల్‌కి మాత్రం చాలాసార్లు ఉత్త ఇంటిపేరే. కెప్టెన్ దాదాపు ఎప్పుడూ అమెచ్యూరే. ఈ రెండు వర్గాల మధ్య జెంటిల్మెన్ వర్సెస్ ప్లేయర్స్ అని ప్రత్యేకంగా ఒక మ్యాచ్ 1806లో మొదలై 1962 దాకా నడిచింది.

ఇది చదివినప్పుడు నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. బీటెక్ అయ్యాక ఒక ఆఫీసులో కాంట్రాక్ట్ మీద చేరాను. అదే ఫ్లోర్, అదే కోడ్, అదే రాత్రి రెండింటికి వచ్చే ప్రొడక్షన్ కాల్. కానీ పర్మనెంట్ వాళ్ల ఐడీ కార్డు తాడు ఒక రంగు, మాది ఇంకో రంగు. టీమ్ డిన్నర్ మెయిల్‌లో మా పేర్లు ఉండేవి కావు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తాడు రంగే అన్నీ చెప్పేది. 19వ శతాబ్దపు ఇంగ్లండ్ గురించి చదువుతుంటే ఆ తాడే కళ్ల ముందు తిరిగింది.

సరే, గ్రేస్ దగ్గరికి వద్దాం. ఈయన ఏ వర్గం? నాన్న డాక్టరు కాబట్టి జెంటిల్మన్. కానీ అసలైన జెంటిల్మెన్‌కి భూములుంటాయి, ఇంట్లో కూర్చుంటే అద్దెలొస్తాయి. గ్రేస్ కుటుంబానికి అలాంటివి లేవు. తొమ్మిది మంది పిల్లలున్న పల్లెటూరి డాక్టరు ఇల్లు అది. పైగా 1871లో నాన్న చనిపోయాడు. హోదా పెద్దది, జేబు చిన్నది. మధ్యతరగతి ఇళ్లలో పుట్టిన మనకి ఈ ఇబ్బంది కొత్తగా ఎవరో చెప్పాలా? ఈ కథ మొత్తానికి మూలం ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఆట ఎలా ఆడాడో చూద్దాం. 1866లో, 18 ఏళ్ల వయసులో ఓవల్ గ్రౌండ్‌లో సర్రే మీద 224 నాటౌట్ కొట్టాడు. అదే మ్యాచ్ మధ్యలో కెప్టెన్ పర్మిషన్ తీసుకుని, క్రిస్టల్ ప్యాలెస్‌కి వెళ్లి 440 గజాల హర్డిల్స్ పరుగు పందెంలో పాల్గొన్నాడు. గెలిచాడు కూడా. గుబురు గడ్డం, పెద్ద పొట్టతో ఉన్న ముసలాయన ఫోటోనే మనందరం చూసి ఉంటాం. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన అథ్లెట్.

1871 సీజన్ ఇంకా ఘోరం. ఇంగ్లండ్‌లో ఆ ఏడాది ఫస్ట్ క్లాస్ క్రికెట్ మొత్తం మీద నమోదైన సెంచరీలు 17. అందులో 10 ఈయన ఒక్కడివే. 2,739 పరుగులు, సగటు 78.25. ఆ రోజుల్లో పిచ్‌లు ఇప్పటిలా తివాచీలు కావు. లార్డ్స్‌లో కూడా గులకరాళ్లు తేలేవి. ఒక బంతి నేల మీద పాకేది, తర్వాతది మొహం మీదికి లేచేది. చేయి భుజం పైకెత్తి బౌలింగ్ చేయడానికి 1864లోనే పర్మిషన్ వచ్చింది, కాబట్టి బౌలర్లు కూడా అప్పుడే కొత్త ఆయుధం పట్టుకున్నారు. అలాంటి టైమ్‌లో 78 సగటు.

ఆయన ఏం మార్చాడు అంటే, అప్పటిదాకా బ్యాట్స్‌మెన్ చాలామంది ముందుకొచ్చి ఆడేవాళ్లు లేదా వెనక్కెళ్లి ఆడేవాళ్లు, ఏదో ఒకటి. గ్రేస్ రెండూ కలిపాడు. బంతి ఎక్కడ పడితే దాన్ని బట్టి కాలు కదిలింది. ఈ రోజు మన గల్లీ కోచింగ్ క్యాంపులో పదేళ్ల పిల్లాడికి నేర్పేది కూడా ఇదే.

1876 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో మూడు ఇన్నింగ్స్ ఆడాడు. కెంట్ మీద 344, నాటింగ్‌హామ్‌షైర్ మీద 177, యార్క్‌షైర్ మీద 318 నాటౌట్. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అంతకుముందు ఎవ్వరూ 300 దాటలేదు. ఈయన ఒకే నెలలో రెండుసార్లు దాటాడు.

ఇప్పుడు డబ్బు సంగతి.

1873లో గ్రేస్ ఏజ్నెస్ డే అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ వెంటనే టీమ్‌తో ఆస్ట్రేలియా టూర్. అదే హనీమూన్. ఆ టూర్‌కి ఆయన తీసుకున్నది 1,500 పౌండ్లు, ఖర్చులు వేరే. అదే టీమ్‌లో వెళ్లిన ప్రొఫెషనల్‌కి 150 పౌండ్లు, చేతి ఖర్చులకి ఇంకో 20. జీతం తీసుకునేవాడికి 170, జీతం తీసుకోనివాడికి 1,500. దాదాపు తొమ్మిది రెట్లు. ఓడలో ప్రొఫెషనల్స్‌కి సెకండ్ క్లాస్, అమెచ్యూర్లకి ఫస్ట్ క్లాస్. టూర్ అంతా వాళ్ల మధ్య మంట రగులుతూనే ఉంది.

ఇంగ్లండ్‌లో కూడా ఇదే తీరు. ఊరూరా తిరిగి ఆడే యునైటెడ్ సౌత్ ఆఫ్ ఇంగ్లండ్ టీమ్‌ని ఆయనే నడిపించేవాడు, ఆ లెక్కలు ఆయన చేతిలోనే. ఇవన్నీ పెరిగేసరికి లార్డ్స్‌లో కూర్చునే ఎంసీసీ 1878లో ఒక మాట తేల్చింది, జెంటిల్మన్ అన్నవాడు క్రికెట్ ఆడి లాభం చేసుకోకూడదు, ఖర్చులు మాత్రం తీసుకోవచ్చు అని. పేరు చెప్పలేదు కానీ అందరి చూపూ ఎటు తిరిగిందో మీకు తెలుసు. మరుసటి ఏడాది, అంటే 1879లో, అదే లార్డ్స్‌లో ఆయన కోసం చందాలు పోగుచేసి 1,458 పౌండ్ల టెస్టిమోనియల్ ఇచ్చారు, ఒక గడియారంతో పాటు. అప్పుడే డాక్టర్ చదువు పూర్తి చేస్తున్నాడు కాబట్టి ప్రాక్టీస్ పెట్టుకోవడానికి ఆ డబ్బు అన్నారు. రూల్ రాసిన చేతులే కవర్ అందించాయి.

అయితే ఆయన్ని విలన్ చేసి ఎపిసోడ్ ముగించడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే మనిషి అంత సింపుల్ కాదు.

బ్రిస్టల్‌లో ఈస్టన్ అనే పేదలుండే ఏరియాలో ప్రాక్టీస్ పెట్టాడు. 1887లో మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మ్యాచ్ జరుగుతుంటే, టీమ్‌మేట్ ఆర్థర్ క్రూమ్ బౌండరీ దగ్గర ఇనుప కంచె మీద పడ్డాడు. కంచె మొన మెడలో దిగింది. గ్రేస్ పరిగెత్తుకెళ్లి, గాయం అంచులు రెండూ వేళ్లతో దగ్గరికి పట్టుకుని, కుట్లు వేసే సూది వచ్చేదాకా దాదాపు అరగంట కదలకుండా అలాగే ఉన్నాడు. చేయి వణికినా మనిషి పోయేవాడు. క్రూమ్ బతికాడు.

1880లో ఇంగ్లండ్ గడ్డ మీద మొదటి టెస్ట్ జరిగింది, ఓవల్‌లో. గ్రేస్ అన్నదమ్ములు ముగ్గురూ ఆడారు. మనవాడు 152 కొట్టాడు, ఇంగ్లండ్ తరఫున మొదటి టెస్ట్ సెంచరీ అదే. తమ్ముడు ఫ్రెడ్ రెండు ఇన్నింగ్స్‌లోనూ డకౌట్, కానీ ఆకాశానికి లేచిన ఒక క్యాచ్ పట్టి చరిత్రలో మిగిలాడు. సరిగ్గా రెండు వారాల తర్వాత ఫ్రెడ్ న్యుమోనియాతో చనిపోయాడు. వయసు 29. నాలుగేళ్లకి, 1884లో, అమ్మ మార్తా పోయింది. మ్యాచ్ నడుస్తుండగా ఆ వార్త అందింది. ఆట అక్కడితో ఆపేశారు. కొడుకు ఆట చూసి ఉత్తరాలు రాసిన ఆ పల్లెటూరి అమ్మ కోసం ఒక ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆగిపోయింది.

ఇక గెలవడం కోసం ఏమైనా చేస్తాడన్న పేరు కూడా ఊరికే రాలేదు. 1882లో ఓవల్ టెస్ట్. ఆస్ట్రేలియా కుర్రాడు శామీ జోన్స్ పరుగు పూర్తి చేసి, పిచ్ సరిచేద్దామని క్రీజ్ దాటాడు. గ్రేస్ వికెట్లు పడగొట్టి అప్పీల్ చేశాడు. అవుట్. రూల్ ప్రకారం కరెక్టే. కానీ ఆస్ట్రేలియా బౌలర్ స్పాఫర్త్‌కి తిక్క రేగింది. ఇంగ్లండ్ కొట్టాల్సింది 85 మాత్రమే. స్పాఫర్త్ ఆ ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 77కి ఆలౌట్, 7 పరుగుల తేడాతో ఓటమి. ఇంగ్లిష్ క్రికెట్ చచ్చిపోయిందని ఒక పత్రిక వెటకారంగా సంతాపం వేసింది. 'యాషెస్' అనే పేరు పుట్టింది అక్కడే. అంటే యాషెస్ కథలో మొదటి నిప్పు రాజేసింది మన డాక్టరుగారే.

1895లో ఆయనకి 46 ఏళ్లు. అందరూ అయిపోయాడు అనుకున్నారు. మే నెలలోనే వెయ్యి పరుగులు కొట్టాడు, అదే నెలలో నూరో సెంచరీ కూడా. దేశం ఊగిపోయింది. డైలీ టెలిగ్రాఫ్ పత్రిక తలా ఒక షిల్లింగ్ ఇవ్వండి అని పిలుపిచ్చింది. అన్ని ఫండ్లూ కలిపి 9,000 పౌండ్లకి పైనే వచ్చింది. ఈ మనిషి అప్పటికీ రికార్డుల్లో అమెచ్యూరే.

ఇప్పుడు అసలు సీన్. 1896 ఆగస్టు, ఓవల్‌లో ఆస్ట్రేలియాతో టెస్ట్. కెప్టెన్ గ్రేస్. మ్యాచ్‌కి కొద్ది రోజుల ముందు ఐదుగురు ప్రొఫెషనల్స్ ఉత్తరం పెట్టారు. ఏబెల్, హేవర్డ్, రిచర్డ్‌సన్, లోమన్, గన్. టెస్టుకి మాకు 10 పౌండ్లు ఇస్తున్నారు, 20 ఇవ్వండి, లేకపోతే ఆడం. అంతే. గ్రౌండ్ నిండుతోంది, గేటు డబ్బు పోగవుతోంది, అమెచ్యూర్లు 'ఖర్చుల' పేరుతో ఎంత తీసుకుంటున్నారో ఊరంతా చెప్పుకుంటోంది. అడగడంలో తప్పేముంది?

సర్రే క్లబ్ ఒప్పుకోలేదు. పైగా గ్రేస్‌కి మ్యాచ్‌కి ఖర్చుల కింద 10 పౌండ్లు మాత్రమే ఇస్తున్నాం అని ప్రకటన విడుదల చేయాల్సి వచ్చింది. కాంట్రాక్ట్ వాళ్లు శాలరీ స్లిప్ అడిగితే, కంపెనీ బాస్ రీయింబర్స్‌మెంట్ బిల్లు చూపించినట్టు. ఐదుగురిలో ముగ్గురు వెనక్కి తగ్గి ఆడారు. గన్, లోమన్ ఆడలేదు. ఇంగ్లండ్ గెలిచింది, ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో 44కి ఆలౌట్.

ఈ లోమన్ ఎవరో తెలుసా? 18 టెస్టులు, 112 వికెట్లు, సగటు 10.75. టెస్ట్ చరిత్రలో వంద వికెట్లు దాటిన వాళ్లలో ఇప్పటికీ ఇంతకంటే మంచి సగటు ఎవరికీ లేదు. ఆయన మళ్లీ ఇంగ్లండ్‌కి ఆడలేదు. 1901లో దక్షిణాఫ్రికాలో క్షయతో చనిపోయాడు, 36 ఏళ్లకి. గన్ సంగతి వేరు. అప్పటికే ఒక భాగస్వామితో బ్యాట్ల కంపెనీ పెట్టుకున్నాడు, గన్ అండ్ మూర్. మన షాపుల్లో 'జీఎం' అని కనిపించే బ్యాట్ అదే. రెండో ఆదాయం ఉన్నోడు కాదు అనగలిగాడు, తట్టుకోగలిగాడు. ఇక 1899 సిరీస్ వచ్చేసరికి ప్రొఫెషనల్స్‌కి టెస్ట్ ఫీజు 20 పౌండ్లు అయింది. అడిగినవాళ్లు దెబ్బతిన్నారు, తర్వాత వచ్చినవాళ్లు తీసుకున్నారు.

ఆ 1899లోనే, 51కి అడుగు దూరంలో, గ్రేస్ చివరి టెస్ట్ ఆడాడు. అదే ఏడాది కూతురు బెస్సీ టైఫాయిడ్‌తో పోయింది. 1905లో పెద్ద కొడుకు కూడా పోయాడు. అయినా ఆట వదల్లేదు. 1908 దాకా ఫస్ట్ క్లాస్ ఆడాడు, మొత్తం 54,000 పరుగులు పైనే, 2,800 వికెట్లు పైనే. 1914 జులైలో, 66 ఏళ్లకి, ఒక చిన్న క్లబ్ మ్యాచ్‌లో 69 నాటౌట్ కొట్టాడు. వారం పదిరోజుల్లో యుద్ధం మొదలైంది. 1915 అక్టోబర్ 23న కన్నుమూశాడు.

అమెచ్యూర్, ప్రొఫెషనల్ అనే గీత మాత్రం ఇంకో 47 ఏళ్లు బతికింది. 1962 చివర్లో ఎత్తేశారు. ఆ గీత ఇంగ్లండ్‌లో ఆగిపోయిందనుకోకండి. కెప్టెన్ అంటే పెద్దింటివాడే అన్న ఆలోచన మన దాకా వచ్చింది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన ఇండియా టీమ్‌కి కెప్టెన్ మన విజయనగరం రాజకుమారుడు 'విజ్జీ'. మూడు టెస్టుల్లో ఆయన పరుగులు 33. అదే టీమ్‌లో మామూలు ఆటగాడిగా ఉన్నవాడు సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగింటి బిడ్డ, ఇండియాకి మొదటి టెస్ట్ కెప్టెన్. ఆట ఎవరిది, కుర్చీ ఎవరిది అన్నది మీరే చూసుకోండి.

నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. గ్రేస్ తీసుకున్న డబ్బు తప్పని నేను అనను. గేటు నిండింది ఆయన వల్లే, ఆయన వాటా ఆయనకి రావాల్సిందే. తప్పల్లా దాన్ని 'ఖర్చులు' అని పిలవడంలో ఉంది. తన కష్టాన్ని జీతం అని ఒప్పుకుంటే హోదా పోతుంది, అందుకని పేరు మార్చాడు. అదే సమయంలో తన పక్కన బౌలింగ్ చేసినవాడు ఓపెన్‌గా 20 పౌండ్లు అడిగితే దురాశ అన్నారు. ఒకే గ్రౌండ్‌లో ఒకడి డబ్బుకి గౌరవం, ఇంకొకడి డబ్బుకి సిగ్గు. ఐదుగురి ఉత్తరం వచ్చిన రోజు, ఆ దేశంలో అందరికంటే బరువున్న గొంతు గ్రేస్‌ది. వాళ్లు అడిగింది న్యాయమే అని ఆయన ఒక్క మాట అనుంటే ఆ మాటకి చాలా విలువుండేది. నాకు గ్రేస్ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది శామీ జోన్స్ రనౌట్ కాదు, ఇదే.

నా ఆఫీసులో రెండేళ్లకి నన్ను పర్మనెంట్ చేశారు. తాడు రంగు మారింది. ఆ తర్వాత టీమ్ డిన్నర్ మెయిల్‌లో కొత్త కాంట్రాక్ట్ కుర్రాళ్ల పేర్లు లేవని నేను గమనించాను. గమనించి, ఏమీ అనలేదు. అందుకే ఈ ఎపిసోడ్ చేయాలనిపించింది.

మీ ఆఫీసులో, మీ కాలేజీలో ఇలాంటి రెండు గేట్లు ఏమైనా ఉన్నాయా? కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.